పాత ఇంటి డాబా కారుతోంది: పెయింట్ వేయించి ఇస్తామంటే బయానా ఇవ్వొచ్చా?

హన్మకొండలో 1998లో కట్టిన ఇల్లు, 48 లక్షలు చెబుతున్నారు, వెనక గది స్లాబ్ చెమ్మగా ఉంది, మిర్గం రాకముందే వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించి ఇస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. పెయింట్ వేయనివ్వకండి. ఆ స్లాబ్‌ను ఇప్పుడున్నది ఉన్నట్టే చూడాలి. నీళ్లు ఆపడం పెద్ద సమస్య కాదు. లోపలి సలాకలు ఎంత మిగిలాయన్నదే అసలు ప్రశ్న, రంగు పడ్డాక అది కనిపెట్టడం కష్టం.

కింద నిలబడి పైకి చూడండి. తడి మరకలు, తెల్లటి ఉప్పు, పొరలుగా లేచిన రంగు మాత్రమే ఉంటే నీళ్లు దిగుతున్నాయన్నమాట, ఖర్చంతా డాబా పైనే. గోధుమరంగు చారలు అయిదారు అంగుళాలకొకటి వరసగా కనిపిస్తే, పెచ్చులూడి సలాక బయటపడితే అది తుప్పు. ఇనుము తుప్పుపడితే రెండింతలకు పైగా ఉబ్బి కింది కాంక్రీటును నెట్టేస్తుంది. అప్పుడు పైన ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా పోయిన బలం తిరిగిరాదు. ఒక్క గదికే కొత్త సున్నం ఉన్నా, ఫాల్స్ సీలింగ్ ఉన్నా అనుమానించి తీయించి చూడండి.

చిన్న సుత్తితో అడుగడుగునా తట్టండి. గట్టి శబ్దమొస్తే ఫర్వాలేదు, డొల్లగా మోగిన చోట సుద్దతో గీత గీయండి. గిలాబు ఒక్కటే లేచినా డొల్లగానే మోగుతుంది కాబట్టి, ఇంటివాళ్లనడిగి ఒకచోట అరచేతంత మేర సలాక కనిపించేదాకా చెక్కించండి. సలాకను తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది వెర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలవాలి. 8 ఎంఎం సలాక 7 ఎంఎంకి వచ్చిందంటే దాదాపు నాలుగో వంతు ఇనుము పోయినట్టే. అక్కడ సుతారి మాట సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాల్సిందే. స్లాబ్ నడుమ కిందికి వంగినట్టున్నా అంతే.

సలాకలు బాగుంటే నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయో తేల్చాలి. రోహిణి కార్తెలోనూ చెమ్మ ఆరలేదంటే ట్యాంకు పైపో పై బాత్రూమో కారుతుండొచ్చు, లేదా పాత గచ్చు పొరల నడుమ చేరిన నీళ్లు కావొచ్చు. డాబా పరీక్షకు నీటి గొట్టాల మూతులు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలపండి. చదరపు అడుక్కి దాదాపు 5 కిలోల బరువు పడుతుంది, అందుకే తుప్పుపట్టిన స్లాబ్ మీద ఈ పరీక్ష వద్దు. ఎక్కువగా దిగేది స్లాబ్ నడిమధ్య నుంచి కాదు: పిట్టగోడ కలిసే మూల, గొట్టం మూతి చుట్టూ, ట్యాంకు దిమ్మెల కింద, డిష్ యాంటెన్నాకు కొట్టిన బోల్టుల దగ్గర. మన దగ్గర కోతులు గొట్టాల జాలీలు పీకేస్తాయి, ఆకులు చేరి నీళ్లు నిలుస్తాయి. ఇనుప జాలీ బిగించుకోండి.

పని చేయించేటప్పుడు ముందు పాత గచ్చు సంగతి చూడాలి. చాలా ఇళ్లలో గచ్చు మీద గచ్చు పోస్తూ పోయారు. మూడంగుళాల పొర వెయ్యి చదరపు అడుగులకు 14 టన్నుల దాకా బరువు, పైగా రెండు పొరల నడుమ చేరిన నీళ్లు ఏడాదంతా దిగుతూనే ఉంటాయి. డొల్లగా మోగే గచ్చును తీసేయాల్సిందే. నెర్రెలను అరంగుళం లోతు కోసి పాలిమర్ మోర్టార్‌తో నింపాలి. పిట్టగోడ మూల చుట్టూ మూడంగుళాల గోలా (మూలను గుండ్రంగా నింపే మోర్టార్ పట్టీ) కట్టాలి. వాలు పది అడుగులకు అంగుళంన్నర ఉండాలి. తర్వాతే పొడి, ద్రవం విడివిడిగా వచ్చి కలిపి వేసే సిమెంట్-యాక్రిలిక్ కోటింగ్: మూలల్లో ఫైబర్ జాలీ, గోడ మీదికి అడుగు ఎత్తు దాకా, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. చదరపు మీటరుకు రెండు కోట్లకు కలిపి కిలోన్నర నుంచి రెండు కిలోలు పడుతుంది. ఒక్క 20 కిలోల డబ్బాతో డాబా అంతా కొట్టేస్తానన్నాడంటే నీళ్లు కలుపుతున్నాడనే అర్థం. మండే స్లాబ్ మీద వేస్తే కోటింగ్ పట్టకముందే ఎండి పగుళ్లిస్తుంది. పొద్దున్నే స్లాబ్ తడిపి, మీద నిలిచిన నీళ్లు తుడిచి, 9 గంటల్లోపు కానివ్వండి.

డబ్బు లెక్కకొస్తే, 30 నుంచి 75 లక్షల మధ్య హోమ్ లోను ఇంటి విలువలో 80 శాతం దాటదు. ఇంటి విలువ కట్టే బ్యాంకు వాల్యూయర్ తక్కువ రాస్తే ఆ విలువ మీదే లెక్క. అంటే 48 లక్షల్లో కనీసం 9.60 లక్షలు మీ చేతివి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది మరో 3.60 లక్షలు, లోనులో రాదు. ఈ 13.20 లక్షలు కట్టాక రిపేరుకు చేతిలో ఏమీ మిగలకపోతే ఆ ఇల్లు మీకు ఇప్పుడు వద్దు. వానకాలంలో అప్పు చేసి స్లాబ్ బాగు చేయించడం చాలా కష్టం.

అందుకే ఇద్దరు మేస్త్రీల దగ్గర కొలతలతో ఎస్టిమేట్ రాయించుకుని, ఎక్కువున్నదాన్ని ధరలో తగ్గించమనండి. సలాకలు పోయిన గది ఉంటే ఇంజనీరు రాసిన మొత్తమే అడగండి. పని మీరే రిజిస్ట్రేషన్ తర్వాత చేయించుకోవాలి. వాళ్లు చేయిస్తే వారంటీ కాగితం వాళ్ల పేరున ఉంటుంది, రేపు కారితే మీకు జవాబు చెప్పేవారుండరు. తగ్గించిన ధరనే అగ్రిమెంటులో రాయించండి, నోటిమాటగా వదలొద్దు.

ఇంకోటి, 2020 ఆగస్టులో, 2023 జూలైలో పడ్డ వానలకు వరంగల్, హన్మకొండల్లో చాలా కాలనీలు మునిగాయి. ఆ ఇంట్లోకి ఎంత ఎత్తు నీళ్లొచ్చాయో అమ్మేవాళ్లను కాదు, ఎదురింటివాళ్లను, కిరాణా దుకాణం ఆయనను అడగండి. బయానా ఆ తర్వాతే.