అదుపు లేకుండా తినేవారి సహాయ బృందాలు ఏ నియమాలతో నడుస్తాయి?

వీటిలో బాగా తెలిసినది ఓవరీటర్స్ అనానిమస్. 1960లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. తాగుడు మానాలనుకునేవారి కోసం 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ నుంచి పన్నెండు మెట్లు, పన్నెండు సంప్రదాయాలు తీసుకుంది. మెట్లు మనిషి మారడానికి, సంప్రదాయాలు బృందం చీలిపోకుండా ఉండడానికి.

చేరడానికి ఒక్కటే షరతు: అదుపు లేకుండా తినడం మానాలన్న కోరిక. బరువెంతో ఎవరూ అడగరు. ఫీజు లేదు. ఖర్చులకు సభ్యులే తోచినంత వేసుకుంటారు, బయటి విరాళాలు తీసుకోరు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది గోప్యత. అందరూ పడుకున్నాక లైటు కూడా వేయకుండా వంటింట్లో నిలబడి తినడం, ఖాళీ ప్యాకెట్లు చెత్తబుట్ట అడుగున దాచడం... ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేని ఇలాంటి సంగతులు బయటికి పొక్కవన్న నమ్మకం ఉంటేనే నోరు పెగులుతుంది. అందుకే చాలా మీటింగుల్లో ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోరు, సలహాలివ్వరు. ‘నాకు ఇది పనిచేసింది’ అనొచ్చు, ‘నువ్విలా చెయ్యి’ అనకూడదు.

ఫలానా డైటే పాటించాలని సంస్థ చెప్పదు. తిన్నది కక్కేయడం, రోజుల తరబడి పస్తులుండడం లాంటివి కూడా ఉంటే, బృందంలో చేరినా సరే, తప్పకుండా డాక్టర్ని కలవండి.