నెయ్యి తినడం వల్లే అమ్మకు క్యాన్సర్ వచ్చిందా?

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ అని తేలిందనీ, ఇన్నేళ్లూ నెయ్యి తిన్నందుకే వచ్చిందని చుట్టాలు అంటున్నారనీ రాశారు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ. అమ్మను ఒంగోలు నుంచి బెంగళూరు తీసుకొచ్చి, మారతహళ్లిలో మా దగ్గరే ఉంచుకుని వైద్యం చేయించాం. పప్పన్నంలో నెయ్యి వేయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. "దీనివల్లే కదరా తెచ్చుకున్నాను" అనేది.

ఆసుపత్రిలో డైటీషియన్ నెయ్యి ఊసే ఎత్తలేదు. "నూనె నెలకు ఎన్ని లీటర్లు? వేయించగా మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగింది. అమ్మా, మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నారు. మా స్టవ్ పక్కన మూత ఉన్న స్టీలు గిన్నె ఉండేది. ఆదివారం గారెలు వేయించిన నూనె అందులో వడకట్టడం, సోమవారం తాలింపులకు, బుధవారం అప్పడాలకు అదే. అడుగున నల్లటి మడ్డి. పారబోయాలంటే ప్రాణం ఒప్పదు కదా!

కొవ్వు తగ్గిస్తే రొమ్ము క్యాన్సర్ తగ్గుతుందా అని అమెరికాలో నెలసరి ఆగిపోయిన దాదాపు 49 వేల మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. 2006లో ఫలితం వచ్చింది. కొవ్వు తగ్గించినవాళ్లలో జబ్బు కాస్త తక్కువే, కానీ అది యాదృచ్ఛికంగా కూడా రాగల తేడా. పెద్దపేగు క్యాన్సర్‌లో ఆ కాస్తా లేదు.

అసలు చిక్కు బరువుతో. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా ఒంట్లోని కొవ్వులోనే తయారవుతుంది. చాలా రొమ్ము క్యాన్సర్లు దాన్ని పట్టుకునే పెరుగుతాయి. ఏ నూనైనా, నెయ్యైనా గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు. మా ఇంట్లో నలుగురికి నెలకు 5 లీటర్ల నూనె అయ్యేది. చెంచాడు నెయ్యి ఏ మూలకు?

కాగిన నూనె సంగతి వేరు. మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పాడై పుట్టే పదార్థాలు, పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అలాగని మా అమ్మకు గారెల నూనె వల్లే వచ్చిందని నేను అనను. ఒక మనిషికి ఎందుకు వచ్చిందో అలా వేలు పెట్టి చూపించలేం.

ఇప్పుడు చిన్న మూకుడులో కొంచెం నూనెతోనే వేయిస్తున్నాం. ఆ గిన్నెలో చింతపండు పోసుకున్నాం. కీమోలో అమ్మకు ముద్ద దిగక బరువు పడిపోతుంటే, ఆ డైటీషియనే అన్నంలో నెయ్యి వేసి పెట్టమంది. మీ అమ్మగారికి ఏది ఎంత పెట్టాలో అక్కడి ఆసుపత్రి వాళ్లనే అడగండి. చుట్టాల ఫోన్లు మాత్రం మీరే ఎత్తండి, ఆవిడకు ఇవ్వకండి.