ముందు సుత్తి, తర్వాత తూకం

ప్రశ్న: 1991 నాటి మాజ్డా మియాటా ఒకటి 4,500 డాలర్లకు కొన్నాను. 1.6 లీటర్ల ఇంజన్, అయిదు గేర్లు, ఇప్పటికి 1,38,000 మైళ్లు తిరిగింది. ఎరుపు రంగు వెలిసింది, గుడ్డ టాపు చిరిగింది. దీన్ని బాగుచేసి, తేలిక చేసి రేసు ట్రాక్ మీద నడపాలని కోరిక. ఈ శనివారమే లోపలి సామాన్లన్నీ ఊడదీయమనీ, ఆ తర్వాత టర్బో పెట్టించమనీ మిత్రులు అంటున్నారు. నా దగ్గర ఇంకో 5,000 డాలర్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: ఈ శనివారం స్పానర్లు పెట్టెలోనే ఉంచి ఒక చిన్న సుత్తి తీసుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి లేతు షెడ్డు ఉండేది. పాత బండి ఏది వచ్చినా ఆయన ముందు దాని చట్రాన్ని సుత్తితో అక్కడక్కడ తట్టి, తల వంచి వినేవారు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న ఇనుము బీటవారిన కుండలా పలుకుతుంది. రంగు ఎంత మెరుస్తున్నా ఆయన ఆ చప్పుడునే నమ్మేవారు. నేను అమెరికా వచ్చి కొన్న మొదటి కారు కూడా మియాటాయే, 1992 మోడల్. దాని కిందికి దూరి నేను చేసిన మొదటి పని అదే.

మీ కారులో తట్టి చూడాల్సింది తలుపుల కింద పొడవునా పెట్టెలా సాగే రేకు భాగాన్ని. ముఖ్యంగా వెనక చక్రానికి జానెడు ముందు. టాపు మీద పడిన వాన నీరు సీట్ల వెనక, సీటు బెల్టు స్తంభాల దగ్గర ఉన్న రెండు రంధ్రాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. చెట్టు కింద ఏళ్ల తరబడి నిలిపిన కారులో ఆ రంధ్రాలు ఆకులతో, మట్టితో పూడుకుపోతాయి. నీరు ఆ పెట్టెలోనే నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. బయటికి ఒక చిన్న బొబ్బ కనిపించే నాటికి లోపల రేకు మిగలదు. ఒక్కో రంధ్రంలో ఒక గ్లాసు నీళ్లు పోయండి. కొద్ది సెకన్లలో కింద ధార కట్టాలి. కట్టకపోతే మెత్తని ప్లాస్టిక్ గొట్టంతో నెమ్మదిగా పూడిక తీయండి. గట్టి కడ్డీతో పొడిస్తే లోపలి గొట్టం చిరుగుతుంది.

దీన్ని ఇంతగా సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. పైకప్పు లేని కారుకు ఆ రెండు పెట్టెలే నడుము. మలుపులో టైర్లు లాగే బలమంతా అవే మోస్తాయి. రేపు మీరు బిగించబోయే రోల్ బార్ (కారు తిరగబడితే తలను కాపాడే ఉక్కు గొట్టం) కూడా ఆ చుట్టుపక్కల లోహానికే పట్టుకుని ఉంటుంది. అక్కడ కుళ్లితే పాత రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. పుట్టీ పూసి రంగు వేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లవద్దు. మీ అయిదు వేలలో సగం దానికే పోయినా పోనివ్వండి. వెలిసిన ఎరుపు రంగును మాత్రం అలాగే వదిలేయండి, దానితో ట్రాక్‌కు పని లేదు.

తర్వాత బానెట్ ఎత్తి, ఇంజన్ ముందు బెల్టులను తిప్పే చక్రం, అంటే క్రాంక్ పుల్లీ ముఖం చూడండి. నాలుగు గాళ్లు కనిపిస్తే అది పాత రకం పొట్టి ముక్కు క్రాంక్, ఎనిమిది కనిపిస్తే తర్వాత వచ్చిన రకం. 1991లోనే మార్పు జరిగింది కాబట్టి మీది రెండింట్లో ఏదైనా కావచ్చు. పాత రకంలో, టైమింగ్ బెల్టు మార్చినవాళ్లు పుల్లీ బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీ కొద్దికొద్దిగా కదులుతూ, తనను క్రాంక్‌కు పట్టి ఉంచే కీ గాడిని అరగదీస్తుంది. టైమింగ్ తప్పి ఇంజన్ బలం తగ్గుతుంది. చాలామంది అప్పుడు స్పార్కు ప్లగ్గులను అనుమానిస్తారు. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ ఊగుతోందేమో గమనించండి. టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి. మీ కారుకు ఇప్పటికి రెండుసార్లు మార్చి ఉండాలి. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకుని కొత్తది వేయించండి, ఆ పనితోనే వాటర్ పంపు కూడా.

టెక్సస్ ఎండలో మీ ఇంజన్‌కు అసలు పరీక్ష వేడి. ఈ ఇంజన్ మొదట ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో అడ్డంగా కూర్చునే కుటుంబానికి చెందినది. మియాటా కోసం దాన్ని నిలువుగా తిప్పి, వేడి నీరు బయటికి వచ్చే దారిని కూడా ముందువైపుకే తెచ్చారు. అందువల్ల వెనక ఉన్న నాలుగో సిలిండర్ దగ్గర నీటి ప్రవాహం మందంగా ఉంటుంది. రోడ్డు మీద ఇది సమస్య కాదు. ఇరవై నిమిషాలు యాక్సిలరేటర్ అదిమిపట్టి నడిపే ట్రాక్ మీద అవుతుంది. రేడియేటర్ పైభాగంలోని ప్లాస్టిక్ తొట్టి రంగు చూడండి. నల్లగా ఉండాల్సినది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగితే, పగలడానికి సిద్ధంగా ఉందన్నమాట.

ఇక బ్రేకులు. రెండోసారి ట్రాక్‌కు వెళ్లినప్పుడు నేను కొత్త ప్యాడ్లు వేసుకుని, బ్రేకు ఆయిల్ మాత్రం పాతదే ఉంచాను. ఆరో రౌండులో పొడవైన దారి చివర పెడల్ నొక్కితే అది నేలకు తగిలింది. కారు గులకరాళ్లలోకి దూసుకుపోయి ఆగింది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది, మీ కాలి బలం ప్యాడ్ల దాకా చేరదు. ఆ రోజు నుంచి నేను ట్రాక్‌కు వెళ్లే ప్రతిసారీ వారం ముందు ఆయిల్ మార్చి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీస్తాను. టైరు పక్క గోడ మీద ఉండే తేదీ అంకెలు కూడా చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో చేసినది. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా అటువంటి టైరును ట్రాక్ ఎక్కించవద్దు. ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు కూడా కొత్తవి వేశాకే వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

ఇవన్నీ అయ్యాకే తేలిక చేసే పని. ఒక తక్కెడ, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని తీసిన ప్రతి వస్తువునూ తూచి రాసుకోండి. నా పుస్తకంలో స్టెప్నీ, జాకీ కలిపి 14 కిలోలు. ఏసీ మొత్తం 20 కిలోలు. గుడ్డ టాపు, దాని ఇనుప కడ్డీలతో 19. తివాచీలు, వాటి కింది మెత్త 7. పాత సీట్లు రెండూ తీసి తేలికపాటివి పెడితే తగ్గింది 12. అన్నీ కలిపితే 72. అందులో 16 కిలోలు రోల్ బార్‌గా తిరిగి కారులోకే వచ్చాయి. అవి పోగొట్టుకున్న కిలోలని నేను ఏనాడూ అనుకోలేదు. లెక్కలో ముందుగా రాసుకోవలసిన బరువు అదే.

చప్పుడు తగ్గించడానికి కారు నేల మీద అతికిన తారు పొర గురించి మిత్రులు తప్పక చెబుతారు. పొడి మంచు పోసి సుత్తితో కొడితే పెళుసై ఊడుతుంది, నిజమే. మూడు నాలుగు కిలోల కోసం ఒక రోజంతా పోతుంది. మూసిన గ్యారేజీలో ఆ మంచు వదిలే బొగ్గుపులుసు వాయువు మనిషిని పడేస్తుంది. మీకు అది అక్కరలేదు. దాని బదులు పెట్రోలు చూసుకోండి. మీ ట్యాంకు 45 లీటర్లు, నిండితే 33 కిలోల దాకా తూగుతుంది. సగం ట్యాంకుతో ట్రాక్ ఎక్కితే ఒక్క బోల్టు విప్పకుండా 16 కిలోలు తగ్గుతాయి. పావు కంటే కిందికి మాత్రం రానివ్వవద్దు, పొడవైన మలుపులో పెట్రోలు పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చవచ్చు.

ఏసీ విషయంలో, కారును ట్రైలర్ మీద తీసుకెళ్తే తీయండి, మీరే నడుపుకుంటూ వెళ్తే ఉంచండి. ఆగస్టు మధ్యాహ్నం దప్పికతో, తలనొప్పితో ట్రాక్ చేరిన డ్రైవరు చేసే తప్పుకు ఆ 20 కిలోలు అడ్డుపడవు. తీయాలనుకుంటే ముందు గ్యాసును లైసెన్సు ఉన్న చోట తీయించండి. ఆ ఏళ్ల కార్లలో ఆర్-12 వాడేవారు. ఓజోన్ పొరకు చేటు చేసే ఆ వాయువును గాలిలోకి వదలడం అమెరికాలో నేరం. తలుపుల లోపల అడ్డ దూలాలు ఉంటే వాటిని, బంపర్ల వెనక దూలాలను తాకవద్దు. హ్యాండ్ బ్రేకు, వైపర్లు కూడా అలాగే ఉంచండి. బానెట్ మాజ్డా వాళ్లే అల్యూమినియంతో చేశారు, దానికోసం డబ్బు పెట్టనక్కరలేదు.

టర్బో వద్దు. మీ ఇంజన్ 116 హార్స్‌పవర్, కారు దాదాపు 960 కిలోలు. అందులో 60 తగ్గితే, బరువు తగ్గించకుండా ఏడెనిమిది హార్స్‌పవర్ పెంచినంత లాభం. ఇంజన్ బలం పెంచితే బ్రేకులకు, రేడియేటర్‌కు, వెనక చక్రాలకు బలం పంచే ఆ కాలపు చిన్న డిఫరెన్షియల్‌కు పని పెరుగుతుంది. బరువు తగ్గితే టైర్లతో సహా అన్నింటికీ పని తగ్గుతుంది. 1989లో ఈ కారును తెచ్చినప్పుడు మాజ్డా ఇంజనీర్లు పెట్టుకున్న ఆదర్శం గుర్రం, రౌతు ఒక్కటై కదలడం. రౌతు కొద్దీ గుర్రమని మనవాళ్లు చెప్పిందీ ఆ బంధం గురించే. మొదటి ఏడాది మిగిలిన డబ్బును శిక్షకుడికి, టైర్లకు ఖర్చు పెట్టండి. మీ ఊళ్లోనే ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అయిదున్నర కిలోమీటర్లు, 20 మలుపులు, మొదటి మలుపే గుట్ట మీద. దానికంటే ముందు సాన్ మార్కస్ దగ్గరి హారిస్ హిల్‌కు వెళ్లండి. సుమారు మూడు కిలోమీటర్ల ఆ ట్రాక్‌లో ఈ చిన్న కారు తన విద్యంతా చూపిస్తుంది.

ప్రశ్న: మావారు తన పాత స్పోర్ట్స్ కారులో గొట్టాలతో పూర్తి రోల్ కేజ్ కట్టించారు. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తీసేశారు. ఇప్పుడు అదే కారులో రోజూ ఆఫీసుకు వెళ్తున్నారు. ఇనుప పంజరం ఉంది కాబట్టి మామూలు కారు కంటే భద్రమని ఆయన వాదన. నాకెందుకో భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీ భయం సరైనదే అమ్మా. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి. రోల్ కేజ్‌ను హెల్మెట్ పెట్టుకుని, అయిదారు పట్టీల బెల్టుతో సీటుకు బిగించుకుని కూర్చునే మనిషి కోసం కడతారు. రోడ్డు మీద హెల్మెట్ ఉండదు. వెనక నుంచి ఎవరైనా చిన్నగా గుద్దినా తల ఊగే దూరంలో ఉక్కు గొట్టం ఉంటుంది. గొట్టానికి చుట్టే ఆ గట్టి నురుగు కూడా హెల్మెట్ తగలడానికి చేసినదే, వట్టి తలకు కాదు. ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు కాబట్టి ఆయన రోజూ రెండువిధాలా రక్షణ లేకుండా వెళ్తున్నారు.

ఒకే కారు రెండు పనులకూ కావాలంటే సీట్ల వెనక ఒక్క రోల్ బార్ చాలు. మూడు చోట్ల పట్టే మామూలు సీటు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ యథాస్థానంలో ఉండాలి. ట్రాక్ రోజున ఆయన హెల్మెట్‌తో సీట్లో కూర్చుంటే, రోల్ బార్ పైభాగం నుంచి ముందు అద్దం పై అంచుకు ఒక చీపురు కర్ర ఆనించి చూడండి. హెల్మెట్ ఆ కర్రకు కనీసం రెండంగుళాలు కిందుగా ఉండాలి. తీసిన ఎయిర్‌బ్యాగ్ ఇంట్లో ఉంటే, మెత్తటి ముఖం పైకి ఉండేలా, పిల్లలకు అందని చోట పెట్టించండి. దానిలో పేలుడు మందు ఇంకా ఉంది, బోర్లా పడి పేలితే ఎగిరిపడుతుంది. పూర్తి పంజరమే ఉండాలంటే ఆయన ఆ కారును ట్రైలర్ మీద ట్రాక్‌కు తీసుకెళ్లి, ఆఫీసుకు వేరే కారులో వెళ్లాలి. మధ్యే మార్గం నాకు కనిపించడం లేదు.

ప్రశ్న: మా తాతగారి 1999 మారుతి ఎస్టీమ్ నాకు ఇచ్చారు. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు తీసేసి ఔటర్ రింగ్ రోడ్డు మీద దాని వేగం చూడాలని ఉంది. చేయవచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వద్దు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద లారీలు, కుటుంబాలతో వెళ్లే కార్లు ఉంటాయి. మీ వేగానికి వాళ్లు ఒప్పుకోలేదు. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చి రోడ్డు మీద తిప్పడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు.

మీ చేతికి వచ్చింది మాత్రం చాలా మంచి కారు. మన దేశపు ట్రాక్ పోటీల్లో ఎస్టీమ్‌లు ఏళ్ల తరబడి పరుగెత్తాయి. 900 కిలోల లోపు బరువు, తిరగడానికి ఇష్టపడే 1.3 లీటర్ల ఇంజన్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉంది. పోటీ చేయాలంటే మన దేశంలో మోటారు పోటీలను పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ లైసెన్సు కావాలి. పోటీ లేకుండా ఎవరి కారు వాళ్లు నడుపుకునే ట్రాక్ డే అయితే హెల్మెట్, ఆరోగ్యంగా ఉన్న కారు తీసుకువెళ్లండి. వెనక సీటు తాతగారిదే కాబట్టి అలాగే ఉంచండి. ముందు టైమింగ్ బెల్టు, బ్రేకు ఆయిల్, నాలుగు టైర్లు మార్చి, డిక్కీ తివాచీ ఎత్తి స్టెప్నీ గుంటలో నీరు నిలిచిందేమో చూసి నాకు రాయండి.