రిమోట్‌తో మోటరు ఆన్ అయితది, ఆఫ్ కాదు!

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. బోరు మోటరుకు 433 మెగాహెర్ట్జ్ రిమోట్ పెట్టించిన. ఇంటి నుంచి ఆన్ నొక్కితే ఒక్కసారికే లేస్తది. ఆఫ్ మాత్రం నాలుగైదు సార్లు నొక్కినా కాదు, మిరప చేను దాటి బోరు కాడికి నడవాల్సిందే. బ్యాటరీ కూడా మార్చిన. వానకు డీటీహెచ్ ఆగినట్టే ఇదీనా?

జవాబు: అన్నా, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రిమోట్ అదే, దూరం అదే, కానీ ఆన్ నొక్కేటప్పుడు మోటరు ఆగి ఉంది, ఆఫ్ నొక్కేటప్పుడు తిరుగుతోంది. స్టార్టర్ డబ్బాలో కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే, తెంపే స్విచ్) పాయింట్లు కాలి నల్లబడినా, వైరు లూజైనా, కరెంటు పారేటప్పుడు సన్నగా రవ్వలు ఎగురుతుంటాయి. ప్రతి రవ్వా ఒక బుల్లి ట్రాన్స్‌మిటరే, దానికి ఫలానా ఫ్రీక్వెన్సీ అంటూ ఉండదు, అన్నిట్లోకీ చిమ్ముతుంది. రిసీవరేమో ఆ డబ్బా పక్కనే! మీ సిగ్నల్ చేను దాటి నీరసపడి వచ్చేసరికి దాని చెవి దగ్గర టపాకాయలు పేలుతున్నాయన్నమాట.

ఇలాంటి చవక రిమోట్లలో చాలావాటికి సిగ్నల్ ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. సున్నా ఉండాల్సిన చోట రవ్వ పడితే రిసీవర్ దాన్ని ఒకటిగా చదువుతుంది, కోడ్ కలవలేదని మొత్తం పారేస్తుంది. తిట్టుకోకండి, అట్లా పారేయకపోతే పక్క చేనాయన రిమోట్ నొక్కినా మీ మోటరు లేస్తుంది.

వానలో డీటీహెచ్ ఆగేది వేరే కథ. అక్కడ చినుకులు సిగ్నల్‌ను మింగేస్తాయి, ఎప్పుడూ ఉండే రొదకు వాన తన వేడితో ఇంకొంత కలుపుతుంది. శాటిలైట్ టీవీ సిగ్నల్ పంపే పాత డీవీబీ-ఎస్ పద్ధతిలో ప్రతి 188 బైట్లకు 16 అదనపు బైట్లు పంపుతారు, వాటితో 8 తప్పు బైట్ల దాకా సరిచేసుకోవచ్చు, అది దాటితే కుదరదు, అందుకే అప్పటిదాకా అద్దంలా ఉన్న బొమ్మ ఒక్కసారిగా గళ్లుగళ్లుగా విరుగుతుంది. పాత రేడియోలో అయితే గరగర మధ్య కూడా పాట వినబడేది. రవ్వల తప్పులు ఆ రొద తప్పుల్లా చెదురుగా పడవు, గుంపుగా పడతాయి. దానికి విరుగుడుగా టీవీవాళ్లు బైట్ల వరస కలగాపులగం చేసి పంపి, ఇవతల మళ్లీ సర్దుకుంటారు, గుంపు విడిపోతుంది. మీ రిమోట్‌కు అంత తెలివి లేదు, ఒకే కోడ్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, అంతే. కాబట్టి టకటకా నొక్కకండి, రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి, రవ్వల సందులో ఏదో ఒక కోడ్ దూరిపోవచ్చు.

రవ్వలు ఉన్నాయో లేవో తెలియాలంటే బ్యాటరీ రేడియోను మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి డబ్బా దగ్గరికి తీసుకెళ్లండి. మోటరు తిరిగినప్పుడే పటపటమంటే దొంగ దొరికినట్టే. మెయిన్ తీసేసి ఎలక్ట్రీషియన్‌తో పాయింట్లు మార్పించండి, స్క్రూలు బిగించమనండి, రిసీవర్ ఏరియల్‌ను డబ్బాలోంచి తీసి మోటరు వైర్లకు దూరంగా గుంజ మీదికి ఎక్కించండి. పటపట లేకపోతే మాత్రం ఏరియల్ ఇప్పుడు ఎక్కడ ఉందో రాసి మళ్లీ పంపండి.