సభలో మాట్లాడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. కాగితం ముట్టుకునే ముందు ఒకటి తేల్చుకో: నీ మాట విన్నవాళ్ళు ఏం నిర్ణయించాలి? క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ప్రసంగాలను మూడు రకాలు చేసింది ఈ లెక్కనే. జరిగినదాని మీద తీర్పు చెప్పేవాళ్ళ ముందు చేసేది కోర్టు వాదన. జరగాల్సినదాన్ని తేల్చేవాళ్ళ ముందు చేసేది సభలో సలహా. మూడోది పొగడ్త, తెగడ్త. నువ్వు మాట్లాడాల్సింది వచ్చే ఏడాది ఖర్చు గురించి. పోయిన ఏడాది తప్పెవరిదో తవ్వావంటే సభ రెండు వర్గాలవుతుంది, పని మాత్రం జరగదు.

తర్వాత సమయం. ఏథెన్స్ కోర్టుల్లో వక్తకు నీటి గడియారం పెట్టేవాళ్ళు: అడుగున సన్నటి గొట్టం ఉన్న మట్టికుండ. అక్కడి అగోరా (ఊరి నడుమ సంత, సభలు జరిగే మైదానం) తవ్వకాల్లో దొరికిన ఒకదానిలో సుమారు 6.4 లీటర్లు పడతాయి, ఖాళీ కావడానికి 6 నిమిషాలు. నువ్వు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, గట్టిగా చదివి చూసుకో. మనసులో చదివితే లెక్క తప్పుతుంది; జనం ముందు ఆగడాలు, ఊపిరి తీసుకోవడాలు ఉంటాయి. పది నిమిషాలిస్తే ఎనిమిదికే రాయి.

ఆ కోర్టుల్లో కక్షిదారే లేచి మాట్లాడాలి. అందుకే లిసియాస్ లాంటివాళ్ళు డబ్బు తీసుకుని ప్రసంగాలు రాసిచ్చేవాళ్ళు. మామూలు మనిషి నోట మామూలు మాటే పెట్టడం ఆయన పనితనం. నీ నోటికి రాని మాట ఎంత అందంగా ఉన్నా కొట్టెయ్. క్రీ.పూ. 427లో ఏథెన్స్‌కి దూతగా వచ్చిన గోర్జియాస్ అనే వక్త అంత్యప్రాసలతో ఊరంతటినీ ముగ్ధుల్ని చేశాడట. ఖర్చుల లెక్క దగ్గర ఆ సొగసు పనికిరాదు.

ఇక వాదనల వరస, చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. క్రీ.పూ. 1వ శతాబ్దపు లాటిన్ పాఠ్యగ్రంథం ఒకటుంది (చాలాకాలం రోమన్ వక్త సిసిరోదే అనుకున్నారు, ఇప్పుడు ఒప్పుకోరు). బలమైన కారణం ముందు, ఇంకో బలమైనది చివర, విడిగా నిలబడలేనివి మధ్యలో గుత్తిగా అంటుందది. విషయం విప్పగానే జనం రుజువు కోసం చూస్తారు. ఆఖరున విన్నది వాళ్ళకు గుర్తుంటుంది. మంచిదంతా చివరికి దాచుకుంటే, నువ్వు అక్కడికి చేరేసరికే వాళ్ళు ఓ అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు.

ఈ వరసకు ఒక మినహాయింపు. నీకంటే ముందు మాట్లాడినవాడికి చప్పట్లు బాగా పడితే, ముందు అతని వాదనకు జవాబు చెప్పు. లేకపోతే నీ మాటకు వాళ్ళ మనసులో చోటుండదు. అరిస్టాటిల్ కూడా ఇదే చెప్పాడు. ఖండించేటప్పుడు అతని మాటను అతనే ఒప్పుకునేలా ఒక్క వాక్యంలో చెప్పి, అప్పుడు తిప్పికొట్టు. వంకరగా చెప్పావా, అతను లేచి ‘నేనలా అనలేదు’ అంటాడు, నీ సమయం దానికే పోతుంది.

కంఠస్థం చెయ్యకు. మొదటి వాక్యం, చివరి వాక్యం, అంకెలు మాత్రం నోటికి రావాలి. మిగతాది చీటీ మీద ఒక్కో వాదనకు ఒక్కో మాట చొప్పున రాసుకో. చివరి వాక్యంలో క్రియ దగ్గర గొంతు దిగజార్చకు. తెలుగులో ఏం చెయ్యాలో చెప్పే మాట వచ్చేది అక్కడే, వెనక వరసకు వినపడాల్సిందీ అదే.

ఉంటాను,
పెదనాన్న