మీటరు దగ్గరికి పోయే ముందు

అల్లుడా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. జీరో బిల్లు వచ్చే ఇంటికి రెండు వేల పైచిలుకు వచ్చిందట, సంగతేందో నువ్వే తేలుస్తానని స్క్రూడ్రైవర్ పట్టుకున్నావట. నీ పట్టుదలకు సంతోషమే. ఆ స్క్రూడ్రైవరే నాకు టెన్షన్. మీటరు సీలు జోలికి పోకు, తడి కాళ్లతో బోర్డు ముట్టుకోకు. నా మీద ఒట్టు.

ముందు బిల్లు మీద వేసిన రీడింగు మీటరుతో కలుస్తుందో లేదో చూడు. మన తెలంగాణ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల వరకే ఉచితం, ఒక్క యూనిట్ దాటినా మొత్తానికీ కట్టాల్సిందే. అందుకని పాత బిల్లుల్లో రూపాయలు కాదు, యూనిట్లు చూడు.

తర్వాత మెయిన్ ఆపు. అప్పుడూ మీటరు మీద ఎర్ర లైటు మెరుస్తుంటే కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చెయ్యి. ఆగిపోతే బోర్డులో ఒక్కో లైనుకుండే ఎంసీబీ స్విచ్చులన్నీ దించి, మెయిన్ వేసి, వాటిని ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రా. ఏ వస్తువూ నడవకుండా మెరిసిందంటే ఆ లైన్లోనే ఎక్కడో లీకేజీ.

పైన కిరాయికి ఉన్నోళ్ల మీద నీకు అనుమానమని కూడా మీ అమ్మ అన్నది. ఈ ఉత్తరం అందుకే.

ఇరవై ఏండ్ల కింద, నల్లగొండలో మా మేడ మీద ఒక టీచరమ్మ, ఆమె తల్లి ఉండేవాళ్లు. రెండిళ్లకూ మీటరు ఒక్కటే. ఎండాకాలం వాళ్లు కూలర్ కొన్నారు, అదే నెల బిల్లు మూడింతలైంది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నా. రాత్రి పదింటికి మెట్ల మీద నిలబడి కూలర్ చప్పుడు వినేవాణ్ణి, సిగ్గు లేకుండా. 200 వాట్ల కూలర్ పది గంటలు తిరిగితే రెండు యూనిట్లు. వేలి మీద వేసే లెక్క. వెయ్యలేదు. ‘ఇంకా ఏమేం పెట్టిండ్రమ్మా పైన’ అని టీచరమ్మను ఆమె తల్లి ఎదుటే అడిగేశా. ఆమె బదులియ్యలేదు. నెలాఖరుకు ఖాళీ చేసింది.

పైన తాళం పడ్డా బిల్లు తగ్గలేదు.

ఆ ఏడు పెరట్లో జామచెట్టు మాత్రం విరగకాసింది. వచ్చినోళ్లందరికీ చూపించి గొప్పలు పోయేవాణ్ణి. ఒకనాడు చెట్టు మొదట్లో మీ అత్త కాలు దిగబడింది. ‘ఈ ఎండల్లో ఇక్కడ నీళ్లెవరు పోస్తున్నరు?’ అన్నది. తవ్వితే బోరు నుంచి ట్యాంకుకు పోయే పైపు పగిలి ఉంది. గంటలో నిండే ట్యాంకుకు నాలుగైదు గంటలు పట్టేది. ఆటోమేటిక్ స్టార్టర్, దానంతటదే నడుస్తుందని నేను అటు చూడనే లేదు. రెండు వందల అడుగుల లోతున మోటరు, చప్పుడేం వినపడుతుంది? నేను మెట్ల మీద చెవులు రిక్కించిన రాత్రులన్నీ అది గంటకు యూనిట్ పైన తాగుతూనే ఉంది.

టీచరమ్మ తర్వాత ఒకసారి బస్టాండులో కనబడింది. దేవరకొండ బస్సు వెనక్కి తప్పుకున్నా.

నువ్వు ముందు బోరు చూడు. పైనోళ్లను ఇప్పటికే ఏమన్నా అన్నావా? దాచకు, అని ఉంటే చెప్పు. ఆదివారం మహబూబ్‌నగర్ బస్సెక్కుతా. టెస్టర్ నాది తెస్తా, నేనొచ్చేదాకా నీది తీయకు.

మీ మామ