లండన్‌లో పిల్లలకు మ్యూజియం చూపించాలంటే అమ్మమ్మా తాతయ్యల్ని వెంట తీసుకెళ్లండి

ఉద్యోగం మీద లండన్ వచ్చి మూడు నెలలైందని, ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు ఉన్నారని, వేసవికి మీ అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారని రాశారు. శని ఆదివారాల్లో ఏ మ్యూజియంలు చూడాలి, పిల్లలు విసుక్కోకుండా ఎలా అని అడిగారు.

ముందు మ్యూజియంల జాబితా అనే ఆలోచనే పక్కన పెట్టేయండి. మీరు నాలుగు రోజుల కోసం వచ్చిన టూరిస్టులు కాదు, అక్కడ కాపురం ఉంటున్నారు. బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం, వీటిల్లో ప్రత్యేక ప్రదర్శనలు తప్ప మిగతా అంతా ఉచితం. పదకొండేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్ల వెంట ట్యూబ్, అంటే భూగర్భ రైలు, కూడా ఉచితమే. ఇక తొందర దేనికి? ఒక శనివారం ఒక్క గది, గంటన్నర, ఇంటికి. ఏ పిల్లలైనా ఒక గదిలో గంట కూర్చుంటారు. పది గదులు తిప్పితే మాత్రం ఎవరూ తట్టుకోలేరు.

మేం పశ్చిమ లండన్‌లోని హౌన్స్‌లోలో ఆరేళ్లు ఉన్నాం. మొదటి వేసవిలో ఒకే రోజు సౌత్ కెన్సింగ్టన్‌లో మూడు మ్యూజియంలు తిరిగేశాం. పాతిక మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం తల మీద వేలాడుతుంటే, మా వాడు దాని కిందే నేల మీద పడుకుని ఇంటికెళ్దామని ఏడ్చాడు. అదే తిమింగలం దగ్గరికి తర్వాత ఒక్కదాని కోసమే తీసుకెళ్తే, పక్కటెముకలు లెక్కపెడుతూ కదల్లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది మా నాన్న సంగతి.

నాన్నది పల్నాడులోని పిడుగురాళ్ల. ముప్పై ఏళ్లు సున్నం బట్టీల దగ్గర గుమాస్తాగా లెక్కలు రాశాడు. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చాడు. ఆరు నెలల వీసా. వచ్చిన రెండు నెలల దాకా నేను ఆయనకు చూపించింది ఇల్లు, గుడి, ఇండియన్ స్టోరు. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం, అంతే ఆయన లండన్. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. మన వాళ్లలో చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతోంది. అమ్మానాన్నల్ని పిల్లల్ని చూసుకోవడానికి, వంటకి పిలిపించుకుని, "వాళ్లకి మ్యూజియంలు ఏం అర్థమవుతాయిలే, నడవలేరు" అనేస్తాం. ఆ వారమే మైనపు బొమ్మల పక్కన నిలబడి ఫొటో దిగడానికి మాత్రం ఇంటిల్లిపాదికీ టికెట్లు కొంటాం.

ఒక శనివారం పులిహోర కట్టుకుని, పికడిల్లీ లైన్లో తిన్నగా రస్సెల్ స్క్వేర్ వెళ్లి దిగాం. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడకే. 33వ గదిని ఆనుకుని 33ఏ అని ఒక గది ఉంది. అద్దాల వెనక ఉన్నవన్నీ మన అమరావతి బౌద్ధ స్తూపం రాళ్లు. నూటికి పైగా ఉన్నాయి ఆ మ్యూజియంలో. ఈజిప్టు మమ్మీల దగ్గర నిలబడటానికి చోటుండదు. ఇక్కడ మేం నలుగురం, ఇంకెవరో ఇద్దరు.

నాన్న ప్రతి కార్తీకంలో అమరేశ్వరుడి దర్శనానికి వెళ్లేవాడు. అక్కడ స్తూపం ఉన్న దిబ్బ చూశాడు గానీ ఆ దిబ్బ మీది రాళ్లు చూడలేదు. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. నేను బొమ్మలు చూస్తున్నాడనుకున్నాను. ఆయన చూస్తున్నది విరిగిన అంచు. లోపలి రాయి కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు.

"ఇది మన రాయేనే అమ్మాయ్. పల్నాటి సున్నపురాయి" అన్నాడు.

పక్కన రాసి ఉన్నది కూడా అదే, పల్నాడు సున్నపురాయి అని. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు.

ఆ తర్వాత గంటసేపు మా పాప ఆయన చెయ్యి వదల్లేదు. రాయిని బట్టీలో బొగ్గుతో కలిపి ఎలా పేరుస్తారో, కాలాక ఎలా తేలికైపోతుందో, నీళ్లు పోస్తే ఎలా బుసబుసా పొంగి పొడవుతుందో చెబుతూనే ఉన్నాడు. నేను నాకు తెలిసిన చరిత్ర చెప్పాను: జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్నం కట్టించేటప్పుడు ఈ దిబ్బ తవ్వి రాళ్లు వాడుకున్నారు, అది విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర 1797లో వచ్చి చూశాడు, 1845లో మద్రాసు అధికారి ఎలియట్ తవ్వించి మద్రాసు పంపాడు, అక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి 1859లో ఓడెక్కాయి, ఈ మ్యూజియంలోకి చేరింది 1880లో. ఊళ్లోవాళ్లు బోలెడన్ని రాళ్లు కాల్చి సున్నం చేసుకున్నారనీ చెప్పాను.

నాన్న మాట్లాడలేదు. కాసేపటికి "మంచి రాయి కదా, సున్నం బాగా వస్తుంది" అన్నాడు. గొంతు వణికింది.

అక్కడ ఒక పలక ఉంది, రెండు వైపులా చెక్కింది. ఒక వైపు క్రీస్తు పూర్వం నాటిది: బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. బుద్ధుడి బొమ్మ ఉండదు, ఆ ఖాళీ ఆసనమే ఆయనకు గుర్తు. సుమారు 3వ శతాబ్దంలో అదే పలకను తిప్పి రెండో వైపు స్తూపం మొత్తం చెక్కారు, ప్రాకారంతో, సింహాలతో. ఎందుకు తిప్పారని పాప అడిగితే, "అంత పెద్ద పలక గని నుంచి బండి మీద తేవాలంటే ఎంత కష్టం అమ్మలూ! ఉన్నదాన్నే వాడుకుంటారు" అన్నాడు నాన్న. ఇంతకన్నా మంచి జవాబు ఏ గైడు చెబుతాడు?

అసలు ఆ గదిలో తెలుగు అక్షరం ఒక్కటి లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలోని పూర్ణఘటం అమరావతి శిల్పాల్లోదే కదా. మన సంఘాలు సంక్రాంతికి సినిమా పాటల మీద పెట్టే ఖర్చులో కాస్త తీసి, ఏడాదికి ఒకసారి పిల్లల్ని ఆ గదికి తీసుకెళ్లి తెలుగులో చెప్పించవచ్చు. తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర సమాధి కూడా లండన్‌లోనే, కెన్సల్ గ్రీన్‌లో ఉంది. ఎంతమంది వెళ్లారు?

మీ ప్రశ్నకి వస్తే, మీ అత్తమామలు వచ్చేలోపు బాబుకు తిమింగలం, పాపకు విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో టిప్పు సుల్తాన్ చెక్క పులి చూపించండి. తినడానికి ఇంటి నుంచే తీసుకెళ్లండి, లోపల కొంటే చాలా అవుతుంది. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం రద్దీ తక్కువ, పెద్దవాళ్లకు హాయి. మిగతా గదులన్నీ మీ ఇష్టం. 33ఏకి మాత్రం మీ అత్తగారూ మామగారూ వచ్చేదాకా వెళ్లకండి.